కార్డియామొబైల్ సమీక్ష: తెర మీది మాట కంటే గీత ముఖ్యం

ఇళ్లలో వాడే బీపీ మిషన్లలో చాలావాటికి, నాడి సమంగా లేదని తోచినప్పుడు తెర మీద ఒక చిన్న గుండె గుర్తు చూపించే ఏర్పాటు ఉంది. ఆ గుర్తు కనబడగానే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు గానీ, లయ ఏ విధంగా తప్పిందో చెప్పే శక్తి ఆ మిషనుకు లేదు. చేతికి చుట్టిన పట్టీకి అందే నాడీ తరంగాల మధ్య ఎడం హెచ్చుతగ్గులుగా ఉందని మాత్రమే అది గమనిస్తుంది. చెయ్యి కదిపినా, మధ్యలో మాట్లాడినా ఆ గుర్తు రావచ్చు.

మా అమ్మగారికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి వణికే జబ్బు, వచ్చి పోతూ ఉంటుంది. దడ మొదలయ్యాక తెనాలి నుంచి గుంటూరు ఆసుపత్రికి చేరేసరికి లయ దానంతటదే సర్దుకుంటుంది, అక్కడ తీసిన ఈసీజీలో ఏమీ కనబడదు. దడ ఉన్న ఆ కాసేపట్లోనే గీత పట్టుకోవాలన్న ఉద్దేశంతో అలైవ్‌కార్ సంస్థ వారి కార్డియామొబైల్ అనే, ఇంట్లోనే ఈసీజీ తీసే పరికరం కొన్నాము.

ఇది వేలెడు పొడవున్న పలచని పలక. దాని మీద ఉన్న రెండు లోహపు రేకులపై కుడిచేతి వేళ్లు ఒకదానిమీద, ఎడమచేతి వేళ్లు మరొకదానిమీద ఆనించి 30 సెకన్లు కదలకుండా కూర్చుంటే ఫోనులో ఈసీజీ గీత సాగుతూ వస్తుంది. ఆసుపత్రిలో తీసే 12 లీడ్ల (గుండె విద్యుత్తును వేర్వేరు కోణాల నుంచి చూపే గీతల) ఈసీజీలో మొదటి లీడు ఏదో, ఇది చూపించేది అదే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ సంస్థ పరికరానికి మొదట 2012లో అనుమతి ఇచ్చింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను యాప్ తనంతట తానే గుర్తించే సౌకర్యానికి 2014లో అనుమతి లభించింది. ఎడమ మోకాలికో చీలమండకో ఆనించే మూడో రేకుతో ఆరు లీడ్లు ఇచ్చే నమూనా 2019లో వచ్చింది.

ఒక లీడు నమూనాలో పలక నుంచి ఫోనుకు సమాచారం మన చెవికి వినిపించని శబ్దం రూపంలో వెళుతుంది. అందుకని ఫోను పక్కనే ఉండాలి, టీవీ కట్టేయాలి. పెద్దవాళ్ల వేళ్లు పొడిబారి ఉంటే గీత గజిబిజిగా వస్తుంది. వేళ్లు కొద్దిగా తడి చేసుకుని, మోచేతులు బల్ల మీద ఆనించి, భుజాలు వదులుగా ఉంచితే శుభ్రపడుతుంది.

30 సెకన్లు పూర్తయ్యాక యాప్ ఒక మాట చెబుతుంది: నార్మల్, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉండవచ్చు, వేగం తక్కువ, వేగం ఎక్కువ, లేదా అన్‌క్లాసిఫైడ్. ఈ చివరి మాటకు ‘ప్రమాదం’ అని అర్థం కాదు, ఆ గీత తనకు తెలిసిన ఏ కోవలోనూ చేరలేదని మాత్రమే. నా దృష్టిలో ఈ పరికరం విలువ ఆ మాటలో లేదు, గీతలో ఉంది. డాక్టరు గారు కూడా మా ఫోనులోని పీడీఎఫ్ తెరిచి, పైన రాసి ఉన్న మాట వదిలేసి నేరుగా గీతనే చూశారు.

ఆ గీత చదవడం ఇంట్లోవాళ్లకు కొంతవరకు సాధ్యమే. గీత సాధారణంగా సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో ఉంటుంది కనుక ఒక పెద్ద గడి అంటే 0.2 సెకను. రెండు ఎత్తైన మొనల మధ్య ఐదు పెద్ద గడులుంటే గుండె వేగం నిమిషానికి 60, మూడు ఉంటే 100. ఒక కాగితం అంచు మీద వరుసగా మూడు మొనలకు పెన్సిలుతో గుర్తులు పెట్టి, ఆ అంచును పక్కకు జరుపుతూ పోతే, లయ సరిగా ఉన్నచోట తర్వాతి మొనలు ఆ గుర్తుల మీదే పడతాయి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో అవి ఎక్కడా కుదరవు. ప్రతి ఎత్తైన మొనకూ ముందు ఉండవలసిన చిన్న గుబ్బ కూడా మాయమై, ఆ చోట గీత సన్నగా వణుకుతూ ఉంటుంది. అమ్మగారికి దడ వచ్చిన రోజు గీతలో మేము చూసింది ఇదే.

ఒకే ఒక మొన ముందుగా వచ్చి, దాని తర్వాత కాస్త విరామం ఉండి, మళ్లీ అంతా యథాప్రకారం సాగితే అది వేరే సంగతి. గుండె ఒక్క క్షణం ఆగి ఎగిరినట్టు చాలామందికి అనిపించేది ఈ అదనపు స్పందన వల్లే. గుండె జబ్బు లేనివారిలో అది ఎక్కువగా హాని చేయనిదే. ఊపిరి పీల్చినప్పుడు వేగం కొద్దిగా పెరిగి, వదిలినప్పుడు తగ్గడం పిల్లల్లో, యువకుల్లో పూర్తిగా సహజం.

వేలికి తగిలించే ఆక్సీమీటరు అంకెతో దీన్ని పోల్చేవారు ఒకటి గమనించాలి. ఫిబ్రిలేషన్‌లో కొన్ని స్పందనలు మరీ త్వరగా రావడంతో గుండె నిండకుండానే ముడుచుకుంటుంది, ఆ బలహీనమైన నాడి వేలి దాకా అందదు. కనుక ఆక్సీమీటరు చూపే పల్స్ ఈసీజీలోని వేగం కంటే తక్కువగా ఉండవచ్చు. బీపీ కూడా స్పందన స్పందనకూ మారుతుంది కాబట్టి రెండు మూడుసార్లు చూసి సగటు రాసుకోవడం మంచిది.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను పట్టుకోవడానికి ఇంత తాపత్రయం ఎందుకంటే, పై గదుల్లో రక్తం నిలిచి గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఆ ముప్పు సుమారు 5 రెట్లు పెరుగుతుంది. రక్తం పలచబడే మందు అవసరమా కాదా అన్నది గుండె వేగాన్ని బట్టి కాక వయసు, బీపీ, షుగరు, గతంలో పక్షవాతం వచ్చిందా అన్న విషయాలను బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. ఇంట్లో నార్మల్ అని వచ్చిందని ఆ మాత్ర ఆపేయడం చాలా ప్రమాదకరం, ఈ విషయంలో నేను అమ్మగారితో గట్టిగానే ఉంటాను.

ఈ పరికరం గుండెపోటును గుర్తించదు. ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం ఉన్నప్పుడు వేళ్లు ఆనించి కూర్చోకుండా 108కి ఫోను చేయాలి. పేస్‌మేకర్ ఉన్నవారు తమ డాక్టరును అడగకుండా దీన్ని కొనకూడదు. రోజూ వచ్చే దడకు 24 గంటల హోల్టరే (ఒంటికి తగిలించుకుంటే రోజంతా ఈసీజీ నమోదు చేసే మిషను) మేలు. ఎప్పుడో ఒకసారి వచ్చి గంటలో పోయే దడకు మాత్రం ఈ పలక నిజంగా పనికొస్తుంది, అటువంటివారు ఇంట్లో ఉంటే కొనమని నిస్సంకోచంగా చెబుతాను. ఏ జబ్బూ లేకపోయినా గంటగంటకూ గుండె చూసుకుంటూ భయపడే స్వభావం ఉన్నవారికి మాత్రం వద్దు.