వేపా, అజాడిరక్టా ఇండికానా: ఏ పేరు మేలు?

వేప, తురకవేప, కరివేప, నేలవేము. పేర్లు చూస్తే అన్నీ ఒకే ఇంటివే అనిపిస్తుంది. వేపకు తురకవేప నిజంగానే దగ్గరి చుట్టం. కరివేపది మాత్రం నిమ్మ, మారేడు, వెలగల కుటుంబం. నేలవేమైతే చెట్టే కాదు, అడ్డసరం కుటుంబానికి చెందిన చిన్న మొక్క. మన పెద్దలు ఆకు తీరో, చేదో చూసి పేరు పెట్టారు. శాస్త్రవేత్తలు పువ్వును, కాయను, ఇప్పుడైతే డీఎన్ఏను కూడా చూసి చుట్టరికం తేలుస్తారు.

మొక్కలకు రెండు మాటల లాటిన్ పేర్లు, వేపకు అజాడిరక్టా ఇండికా లాంటివి, 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ పుస్తకంతో స్థిరపడ్డాయి. ముందు ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు; తర్వాత జాతి. మన ఇంటిపేరు, పేరు వరసే. ఆ మాటకొస్తే నల్లతుమ్మ, తెల్లతుమ్మ కూడా రెండు మాటల పేర్లే, కాకపోతే ఇంటిపేరు చివర వస్తుంది. సర్కారు తుమ్మ దగ్గర మాత్రం ఈ లెక్క తప్పుతుంది. అది అమెరికా ఖండాల నుంచి వచ్చిన చెట్టు, తుమ్మ ప్రజాతి కాదు.

లాటిన్ పేరు మారదని చాలామంది నమ్మకం. నల్లతుమ్మను అడగండి! మొన్నటిదాకా అది అకేసియా నిలోటికా. 2005లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్ర కాంగ్రెస్ అకేసియా అనే పేరును ఆస్ట్రేలియా చెట్లకు వదిలేసింది. దాంతో మనది వచేలియా నిలోటికా అయింది. పాత పుస్తకంలో ఒకటి, కొత్త పుస్తకంలో ఇంకొకటి, విద్యార్థికి టెన్షన్. రైతుకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ నల్లతుమ్మే.

అయినా మందు కోసమో, విత్తనం కోసమో అయితే నేను లాటిన్ పేరే అడుగుతాను. వేపపండును పిల్లలు చప్పరిస్తారు, తురకవేప పండు మనిషికి విషం. రెంటినీ ఉత్త ‘వేప’ అనేస్తే ప్రమాదం. లాటిన్‌లోనూ జాగ్రత్తగా చదవాలి లెండి: ఒకటి అజాడిరక్టా, ఇంకోటి మెలియా అజెడరాక్. రెండింటికీ మూలం ఒకే పారశీక మాట. వంటింట్లో ఈ గొడవే లేదు. కరివేపాకు లాటిన్ పేరులో కోనిగ్ అనే వైద్యుడు ఉన్నాడనీ, ఆయన 1785లో మన కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడనీ తెలియకపోయినా తాలింపు ఆగదు.

అడవిలోకి వెళ్తే మాత్రం నా ఓటు ఊరి పేరుకే. రైనోప్టిలస్ బైటార్క్వేటస్ అంటే మెడలో రెండు పట్టీలున్న పిట్ట అని తెలుస్తుంది, ఎక్కడ వెతకాలో తెలియదు. అదే పిట్టను కలివి కోడి అంటే కలివి పొదల్లో వెతకాలని పేరే చెబుతుంది. కోళ్లతో దానికి చుట్టరికం లేదు, అది వేరే సంగతి. 1900 తర్వాత కనిపించక, అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. పట్టిచ్చింది అక్కడి ఊరివాళ్లే.