మాటకి రూపాయి చొప్పున మోసపోయాను: ఆ 3,000 జపనీస్ పదాల ప్యాక్ కొనకండి

ఇక్కడ రాత్రి ఒంటిగంట. నిద్ర పట్టక రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. ఆ ప్యాక్ అమ్మినవాడి పేరు రాయను, రాయక్కర్లేదు కూడా, మీకు తెలిసిపోతుంది. సకురా పూల డీపీ, రోజుకి మూడు రీల్స్, "అక్కా, ఇంగ్లిష్‌తో పని లేదు, తెలుగులోనే జపనీస్" అంటూ తేనె పూసిన గొంతు. వాడే.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. టోక్యోలో నిషికసాయ్‌లో ఉంటాం, వచ్చి ఏడాది. మా ఆయనకి ఆఫీసులో అంతా ఇంగ్లిషే. డేకేర్ వాళ్ళు పంపే నోట్‌బుక్, చెత్త ఏ రోజు ఏది వెయ్యాలి, షాపులో బిల్లు దగ్గర అడిగే ప్రశ్నలు, ఇవన్నీ నా నెత్తిన. పాప నిద్రపోయాక రోజుకో అరగంట కూర్చుని హిరగానా, కటకానా సొంతంగానే నేర్చుకున్నా. అక్షరాలొచ్చాయి, మాటల్లేవు. సరిగ్గా అప్పుడే కనపడ్డాడు మహానుభావుడు. 3,000 రోజువారీ పదాలు, తెలుగు లిపిలో ఉచ్చారణ, తెలుగులో అర్థం, ప్రతి మాటకీ ఆడియో, పైగా "జేఎల్‌పీటీ ఎన్4 అఫీషియల్ లిస్ట్" అట. జేఎల్‌పీటీ అంటే జపనీస్ భాష పరీక్ష, ఎన్4 అందులో ఒక స్థాయి. ధర రూ.2,999. "మాటకి రూపాయే అక్కా, మీ కోసం ఆ ఒక్క రూపాయి కూడా తగ్గించా" అన్నాడు. నవ్వాను. నవ్వి, విజయవాడలో ఉన్న మా తమ్ముడితో యూపీఐ చేయించాను.

శాంపిల్‌గా పంపిన 50 మాటలు చక్కగా ఉన్నాయి. ఉండవా మరి, అన్నీ నమస్కారాలు, ధన్యవాదాలు, ఒకటి రెండు మూడు! ఎవరైనా కూర్చుని సరిచూసేది ఆ పేజీయే కదా. అది చూసి మురిసిపోయి, ఫైలు ఫోన్‌లో దాచుకుని, పాపకి జ్వరం, పనులు, అవీ ఇవీ అంటూ పది రోజులు లోపలికే పోలేదు. రీఫండ్ గడువు ఏడు రోజులు. నన్ను నేనే తన్నుకోవాలి.

లోపలికి పోతే అసలు సినిమా మొదలైంది. మిగి అంటే కుడి వైపు, ఏడాదిగా వింటున్న మాట. వీడి పట్టికలో మిగి అంటే "హక్కు". పోనీ అచ్చుతప్పేమో అనుకుని కింద వరసలోకి చూస్తే హిదరి, అంటే ఎడమ, దానికి అర్థం "వెళ్ళిపోయాడు". ఎవరు నాయనా వెళ్ళిపోయింది? ఇంగ్లిష్‌లో రైట్, లెఫ్ట్ అని ఉన్నవాటిని మెషీన్‌లో పడేసి తెలుగు తీశాడు, ఒక్కసారి కూడా చదవలేదు. హరు, వసంతకాలం, "నీటి ఊట" అయింది. అకి, శరదృతువు, "పడిపోవడం" అయింది. త్సుమె అంటే చేతి గోరు, వీడు "మేకు" అన్నాడు. పాపకి గోళ్ళు తియ్యడం కాస్తా మేకులు పీకడం అయ్యేది.

ఆడియో అయితే ఇంకా ఘోరం. జపనీస్ గొంతు కాదది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన మాటని ఇంగ్లిష్ మెషీన్ గొంతుతో చదివించాడు. వెదురుని తకె అంటారు, అది "టేక్" అంది. వానని అమె అంటారు, అది "ఏమ్" అంది. "వరకు" అనే అర్థంలో వాడే మదె కాస్తా "మేడ్". రెండు రోజులు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గిన్నెలు తోముతూ ఇది విన్నానండీ, నా ఉచ్చారణే తప్పేమో అనుకుంటూ.

నాకు ఎక్కువ మంట పుట్టించింది తెలుగు లిపి కాలమ్. జపనీస్‌లో అచ్చు సాగితే అర్థం మారిపోతుంది, హల్లు వత్తితే అర్థం మారిపోతుంది. ఒబసన్ అంటే అత్తయ్య వరస, ఒబాసన్ అంటే బామ్మ. బిరు అంటే బిల్డింగు, బీరు అంటే తాగే బీరే. ఇంగ్లిష్ అక్షరాల్లో ఈ తేడా చాలాసార్లు ఎగిరిపోతుంది, మనకి అవసరమే లేదు, దీర్ఘం ఉంది, ఒత్తు ఉంది, చిన్నపిల్లలకి కూడా తెలిసిన విషయం. తెలుగు లిపిలో జపనీస్ నేర్పడంలో ఉన్న అసలు లాభమే అది. వీడు దీర్ఘాలు, ఒత్తులు అన్నీ పీకేసి చదును చేశాడు. అత్తయ్యా ఒబసన్, బామ్మా ఒబసన్.

దాని ఫలితం పోస్టాఫీసులో అనుభవించాను. డేకేర్ కాగితాలు పంపడానికి 110 యెన్‌ల స్టాంపు కావాలి. స్టాంపుని కిత్తె అంటారు. వీడి పట్టికలో ఒత్తు లేకుండా "కితె" అని ఉంది, పక్కనే ఉదాహరణ వాక్యం, "కితె కుదసై". నేను కౌంటర్ దగ్గర నిలబడి, ముందు రోజు రాత్రంతా బట్టీ పట్టింది, నమ్మకంగా అన్నాను. కితె కుదసై అంటే "ఇలా రండి" అని. పాపం ఆ పెద్దాయన ఒక క్షణం చూసి, తల ఊపి, కౌంటర్ చుట్టూ తిరిగి నిజంగానే బయటికి వచ్చాడు. వచ్చి నా పక్కన నిలబడి ఏం కావాలో చూపించమన్నట్టు చెయ్యి చాపాడు. వెనక నలుగురు క్యూలో. కవరు మీద స్టాంపు అంటించే చోటుని వేలితో చూపించాను. "ఆ, కిత్తె!" అన్నాడు, ఆ ఒత్తుని మనవాళ్ళు పలికినంత స్పష్టంగా. ఇంటికొచ్చేదాకా చెవులు కాలుతూనే ఉన్నాయి.

అప్పుడు కూర్చుని మొత్తం ఎక్సెల్‌లో వేశాను. తినడం అనే ఒక్క క్రియని తబెరు, తబెమసు, తబెత, తబెనై, తబెతె అని ఐదు మాటలుగా లెక్కేశాడు. సీసాలు, పెన్నులు లాంటి పొడుగు వస్తువులు లెక్కపెట్టేటప్పుడు ఇప్పొన్, నిహొన్, సంబొన్ అని మారుతూ పోతుంది, వీడు "ఇచిహొన్, నిహొన్, సన్‌హొన్" అని అంకె పక్కన హొన్ తగిలించుకుంటూ పోయాడు, అలాంటి వరసలతోనే వందకి పైగా "మాటలు". అవన్నీ తీసేస్తే మిగిలింది 1,140. రోజువారీ పదాలన్నాడు కదా, ప్రభుత్వం ఉంది, ప్రధానమంత్రి ఉన్నాడు, నిరాయుధీకరణ ఉంది. డైపర్‌ని ఒముత్సు అంటారు, అది లేదు. జ్వరం అనే నెత్సు లేదు. సాయంత్రం పూట షాపులో పెట్టెల మీద అంటించే హంగకు, అంటే సగం ధర, అదీ లేదు. ఏదో వార్తాపత్రికల పదాల జాబితాని ఎత్తేసినట్టుంది. ఇక "అఫీషియల్ లిస్ట్" సంగతా, 2010లో పరీక్ష పద్ధతి మార్చినప్పటి నుంచి నిర్వాహకులు పదాల జాబితా అనేదే ప్రచురించడం లేదు. వాళ్ళ సొంత వెబ్‌సైట్‌లోనే రాసి ఉంది. కొనేముందు రెండు నిమిషాలు వెతికుంటే నాకూ తెలిసేది.

ఇదంతా భరించాను. తప్పులన్నీ పేజీ నంబర్లతో రాసి, మర్యాదగా, "తమ్ముడూ, సరిచేసి పంపితే చాలు, డబ్బులు అక్కర్లేదు" అని మెసేజ్ పెట్టాను. చదివినట్టు రెండు నీలం టిక్కులు. గంట తర్వాత ఒక వాయిస్ మెసేజ్. డబ్బు పడేదాకా ప్రతి మాటకీ ముందొక అక్కా, వెనకొక అక్కా అన్నవాడు, మొదటి ముక్కే "చూడండి మేడమ్" అన్నాడు. ఆ పిలుపు మారిన తీరులోనే నాకు కడుపులో తిప్పింది. "మూడు వేలకి జపాన్ నుంచి టీచర్‌ని దించమంటారా? ఏడాదిగా జపాన్‌లో ఉండి కూడా జపనీస్ రాలేదంటే తప్పు నా పీడీఎఫ్‌ది కాదు మేడమ్, మీది."

వెనకాల ఎవరో నవ్వుతున్నారు. అది కూడా రికార్డయింది. నేను ఆ మెసేజ్ నాలుగుసార్లు విన్నాను, ఎందుకు విన్నానో తెలీదు. మూడు వేలు పోతే పోయాయి, ఇంతకంటే ఎక్కువ పెట్టి కొన్న చీర ఒక్కసారి కట్టి పడేశాను. కానీ చెంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని ఒక్కో అక్షరం దిద్దుకున్నదాన్ని, నేను చదవలేదంటాడా? వాడి గ్రూపులో నేను పెట్టిన తప్పుల జాబితాని తీసేశాడు, ఆ తర్వాత నన్నూ తీసేశాడు. నేను బయటికి పోకముందు ఆఖరున కనపడింది, ఎవరో అన్నయ్య "థాంక్యూ సెన్సే", అంటే గురువుగారూ, అని పెట్టిన దండం బొమ్మ.

సరే, అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఎవరి దగ్గర ఏం కొన్నా శాంపిల్‌గా మొదటి పేజీ కాదు, మధ్యలోంచి మీరు చెప్పిన పేజీ అడగండి, కుడి, ఎడమ ఏమని రాశాడో చూడండి చాలు. ముందు హిరగానా నేర్చుకోండి, మాటని అందులోంచి చూసి తెలుగులో దీర్ఘం, ఒత్తుతో మీరే రాసుకోండి. జపాన్ ఫౌండేషన్ వాళ్ళ ఇరోదొరి పాఠాలు పీడీఎఫ్, ఆడియోతో సహా ఉచితం, ఇక్కడ బతకడానికి కావలసిన మాటలే ఉంటాయి. మాటలు కార్డుల్లా వేసుకుని మళ్ళీ మళ్ళీ చదువుకునే అంకీ యాప్ కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితమే, ఐఫోన్‌లో కొనాలి. నేనిప్పుడు షాపు బిల్లులు, డేకేర్ నోట్‌బుక్‌లోంచి రోజుకి ఐదు మాటలు ఎక్కించుకుంటున్నా. నిన్నటి మాటల్లో మొదటిది కిత్తె.

ఎడిట్: సరదాకి చూస్తాం, ఆ పీడీఎఫ్ పంపమని ముగ్గురు అడిగారు. పంపలేనండీ. ప్రతి పేజీ మీదా అడ్డంగా నా పేరు, నా ఫోన్ నంబరు ముద్ర కొట్టాడు. ఆ ఒక్క పని మాత్రం అక్షరం తప్పు పోకుండా చేశాడు.