తైక్వాండో షూసా, ఒట్టి కాళ్ళా: నాలుగేళ్ళు రెండూ వాడాక

మా అమ్మాయిని తైక్వాండో (ఎక్కువగా కాళ్ళతో కొట్టే కొరియా యుద్ధవిద్య) క్లాస్‌లో దించడానికి వెళ్ళి నేనూ ఇరుక్కుపోయా, అప్పటికి నాకు ముప్ఫై నాలుగు. సాయంత్రం క్లాస్‌లో మ్యాట్ మీద అందరం ఒట్టి కాళ్ళే. పొద్దున ప్రాక్టీస్ మాత్రం మా అపార్ట్‌మెంట్ డాబా మీద, అదీ విజయవాడలో, మే నెల్లో ఎనిమిది దాటితే సిమెంట్ మీద కాలు పెట్టలేం. ఆ డాబా కోసమే షూస్ కొన్నా, పదిహేను వందలు. బ్రాండ్ పేరెందుకులెండి, తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి.

అంతకుముందు రన్నింగ్ షూస్‌తోనే లాగించేవాణ్ణి. డోలియో చాగి, అంటే కాలు పక్కనుంచి తిప్పి కొట్టేది, కొట్టేటప్పుడు నిలబడ్డ కాలు కూడా గిర్రున తిరగాలి, ఆ రబ్బరు నేలని పట్టేసి పాదం అక్కడే ఉండిపోయేది, ఒళ్ళు మాత్రం తిరిగేది, ఆ మెలికంతా మోకాలికి, రెండు వారాలు మెట్లు దిగాలంటే ఏడుపే. తైక్వాండో షూ అడుగున వేళ్ళ మొదట్లో గుండ్రటి బిళ్ళలా ఉంటుంది, దాని మీద హాయిగా తిరిగిపోవచ్చు. ఈ ఒక్కదానికి డబ్బులు దండగ అనను.

కానీ ఎనిమిది నెలలకే ఎడమ షూ బిళ్ళ నున్నగా అరిగి, పక్కన సోల్ నోరు తెరిచింది. కుడిది చూస్తే నిన్న కొన్నట్టుంది! నేను కుడికాలితోనే ఎక్కువ కొడతా, కాబట్టి కింద తిరిగేది ఎడమే కదా. కుట్టించడానికి తీసుకెళ్తే చెప్పులు కుట్టే పెద్దాయన అటూ ఇటూ తిప్పి చూసి "ఏం సార్, ఎడమ కాలు ఈడుస్తారా" అన్నాడు.

ఇంక ఒట్టి కాళ్ళ సంగతి. మొదటి నెల్లోనే మ్యాట్ ముక్కల సందులో వేలు ఇరుక్కుని గోరు నల్లబడింది, చెమటకి మ్యాట్ జారుతుంది, వేళ్ళ సందుల్లో దురద మామూలే, కాళ్ళు కడిగి ఆరబెట్టుకోవాల్సిందే. అయినా ఆప్ చాగి, అంటే ఎదురుగా ముందుకి తన్నేది, నాకు పట్టుబడింది ఒట్టి కాళ్ళతోనే. వేళ్ళు వెనక్కి లాగి పాదం ముందున్న మెత్తతో కొట్టాలి, షూలో వేళ్ళు ఎలా ఉన్నా తెలీదు. ఆమధ్య పని వల్ల మూడు నెలలు క్లాస్ మానేసి డాబా మీద షూస్‌తోనే చేశా, తిరిగెళ్ళి ప్యాడ్ మీద కొడితే ముందు బొటనవేలే తగిలింది, కళ్ళముందు చుక్కలు. మాస్టర్‌కి మాత్రం నవ్వు, "వేళ్ళు సార్ వేళ్ళు" అని.

పోటీలకెళ్ళే పిల్లలకైతే షూస్ అలవాటు చెయ్యకండి, స్పారింగ్ మ్యాచ్‌లో, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడేదాంట్లో, షూస్ ఉండవు, పెద్ద పోటీల్లో సెన్సర్లున్న సాక్స్ వేస్తారు, తన్నుకి పాయింట్ దాన్నిబట్టే. వుషులో (అది చైనా యుద్ధవిద్య) విన్యాసాలు చేసేవాళ్ళ లెక్క వేరు, వాళ్ళు పల్చటి షూస్‌తోనే గెంతుతారు. ఇంకోటి, డాబా మీద వాడిన షూస్‌తో మ్యాట్ ఎక్కొద్దు, ఆ మట్టిలో మిగతావాళ్ళు పొర్లాలి.

ఇప్పుడు రెండో జత నడుస్తోంది, డాబా వరకే. దీనికీ ఎడమదే ముందు పోయేలా ఉంది, ఎడమ షూ ఒక్కటే అమ్మేవాళ్ళుంటే చెప్పండి.