స్కూలు స్టాల్‌కి ఏది మేలు: పాంపామ్‌లా, ఉన్ని ఉండలా?

మా పాప స్కూల్లో లైబ్రరీ పుస్తకాలు కొనడానికి డిసెంబరులో పిల్లలతో స్టాళ్ళు పెట్టిస్తారు. రెండేళ్ళుగా చిన్న తరగతుల స్టాల్ నా నెత్తినే పడుతోంది. మొదటి ఏడు పాంపామ్‌లు (ఊలు దారంతో చేసే కుచ్చు బంతులు) చేయించాను, రెండో ఏడు ఉన్ని ఉండలు (ఉన్నిని సబ్బునీళ్ళతో రుద్ది గట్టిపరిచే బంతులు). ఈసారి ఏది పెడదామని మిగతా అమ్మలు అడుగుతున్నారు.

పాంపామ్‌కి ఖర్చు తక్కువ. ఫ్యాన్సీ షాపులో దొరికే ఏ ఊలైనా పనికొస్తుంది. ఫోర్కుకి యాభై అరవై చుట్లు చుట్టి, నడుమ బిగించి ముడేసి, అంచులు కత్తిరిస్తే బంతి తయారు. చుట్టడం ఐదేళ్ళ పిల్లలకు కూడా వస్తుంది. చిక్కంతా ముడి దగ్గరే. ఆ వేళ్ళకు అంత బలం ఉండదు. ముడి వదులైతే బ్యాగుకి తగిలించిన మర్నాడే పోగులు రాలిపోతాయి. మా తరగతి పిల్లలు చుట్టి ఇచ్చినవాటికి ముగ్గురం అమ్మలం రాత్రి పదకొండు దాకా కూర్చుని ముళ్ళేశాం, గుండ్రంగా కత్తిరించాం. మర్నాడు స్టాల్ మీదేమో ‘మా పిల్లలు చేసినవి’ అని బోర్డు!

ఉన్ని ఉండల సంగతి వేరు. ముందుగా ఒక మాట: షాపులో ‘ఊలు’ అని అమ్మేది చాలావరకు అక్రిలిక్, గొర్రె బొచ్చు కాదు. ఆ తేడా తెలియక మొదట అదే తెచ్చి, వేడినీళ్ళలో సబ్బేసి అరగంట రుద్దాను. తడిసిన దారం తడిసిన దారంలాగే ఉంది. అసలు ఉన్ని పోగుకి కంటికి కనపడని పొలుసులుంటాయి. వేడి, సబ్బు, రాపిడి తగిలితే అవి ఒకదాన్నొకటి పట్టేసి గట్టిపడతాయి. ఉన్ని స్వెటర్‌ని వేడినీళ్ళలో ఉతికితే కుంచించుకుపోయేది అందుకే. అనుమానముంటే ఒక పోగు వెలిగించి చూడండి (పెద్దవాళ్ళే). వెంట్రుక కాలిన వాసనొచ్చి బూడిద పొడిపొడిగా రాలితే ఉన్ని, కరిగి గట్టి పూసలా అయితే అక్రిలిక్. మన గొంగళ్ళకు వాడే నల్ల ఉన్ని అసలుదే గానీ ముతక, పిల్లల చేతులకు గుచ్చుకుంటుంది. అందుకని ఏకిన మెరినో ఉన్ని (మెరినో అనే జాతి గొర్రెల మెత్తటి ఉన్ని) ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఖరీదెక్కువే.

పిల్లలకు చెప్పింది ఒక్కటే: సున్నుండ చుట్టినట్టు చుట్టండి. మొదట మెల్లగా, అస్సలు నొక్కకుండా. పైన పొర పట్టుకున్నాక గట్టిగా. తొందరపడి ముందే నొక్కితే మడత పడి, ఆ గీత ఇక పోదు. నారింజంత ఉన్ని నిమ్మకాయంత అవుతుంది. నీళ్ళు గోరువెచ్చగా ఉంటే చాలు. తరగతి గది మాత్రం చెరువైపోతుంది, వరండాలో కూర్చోబెట్టండి. ఆరడానికి రెండు రోజులు పట్టింది. ఒక బాబు ఉండ బంగాళాదుంపలా వచ్చింది, అదే ముందు అమ్ముడుపోయింది.

స్నానం సబ్బుకి ఉన్ని చుట్టి, పాత నైలాన్ సాక్సులో పెట్టి రుద్దితే సబ్బుకి తొడుగు తయారవుతుంది. సబ్బు లోపలే ఉంది కాబట్టి వేరే సబ్బునీళ్ళ గొడవ లేదు. ఉండలను మేము యాభైకి ఇస్తే, ఈ సబ్బులు వందకి కూడా ఎవరూ బేరమాడకుండా అమ్ముడుపోయాయి. పాంపామ్ కీచైన్‌కి ముప్పై అడిగితేనే ‘ఇరవైకి రాదా?’ అన్నారు.

ఊలుతో వేళ్ళ మీద అల్లే గొలుసు పిల్లలకు భలే ఇష్టం, కానీ మూరెడు గొలుసుని ఎవరు కొంటారు? ఇంట్లో ఆడుకోవడానికి బాగుంటుంది. ముల్లు సూదితో పొడిచి చేసే ఉన్ని బొమ్మలు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి గానీ, ఆ సూది చిన్నపిల్లల చేతికి ఇవ్వను.

కాబట్టి ఎల్కేజీ, యూకేజీ వాళ్ళకి పాంపామ్ చుట్టడం ఇచ్చి, ముడి మనమే వేద్దాం, బోర్డు మీద ఆ మాట కూడా రాద్దాం. ఒకటి నుంచి మూడు తరగతులకు ఉండలు, సబ్బులు. ఉన్నికి ఆర్డర్ పెట్టేశాను, నాలుగు రంగులే. బకెట్లు, పాత తువ్వాళ్ళు మీరు తెండి.