న్యూ వృందావనంలో ఒక రాత్రి, మార్షల్ కౌంటీలో రెండు పగళ్ళు

పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి దర్శనానికి వెళ్ళే తెలుగు కుటుంబాలు చాలావరకు ఆ ప్రయాణంలోనే ఒక పూటను, వెస్ట్ వర్జీనియా కొండల్లో ఇస్కాన్ (హరేకృష్ణ) భక్తులు కట్టుకున్న ఊరైన న్యూ వృందావనానికి కేటాయిస్తాయి. పిట్స్‌బర్గ్ గుడి ఉన్న పెన్ హిల్స్ కొండమీద పులిహోర ప్రసాదం తిని, గంటన్నర కారు నడిపి, న్యూ వృందావనంలోని స్వర్ణమందిరం (ప్యాలెస్ ఆఫ్ గోల్డ్) ముందు ఫొటోలు తీసుకొని, చీకటి పడకముందే ఇంటిదారి పట్టడం అందరికీ అలవాటు. మేమూ రెండుసార్లు అలాగే చేశాము. ఈసారి గుంటూరు నుంచి మా అమ్మానాన్నలు వచ్చారు. వారికి ఉరుకులు పరుగులు పెట్టే ఓపిక లేదు కనుక ఒక రాత్రి మౌండ్స్‌విల్ దగ్గర, మరో రాత్రి కొండమీద న్యూ వృందావనంలోనే ఉన్నాము. అలా ఉన్నాకే, ఇంతకుముందు మేము ఆ ఊరి గుమ్మం వరకే వెళ్ళి వచ్చామని అర్థమైంది. పెద్దవాళ్ళతో వెళ్ళదలచిన వారికి పనికివస్తుందని ఈ వివరాలు వ్రాస్తున్నాను.

వెస్ట్ వర్జీనియా ఉత్తర భాగం ఓహాయో, పెన్సిల్వేనియా రాష్ట్రాల మధ్యకు గరిటె కాడలా సన్నగా చొచ్చుకుపోయి ఉంటుంది. ఆ కాడ మొదట్లో ఉన్నది మార్షల్ కౌంటీ. 1835లో ఏర్పడిన ఈ కౌంటీ జనాభా 30,000 పైచిలుకు. ముఖ్యపట్టణమైన మౌండ్స్‌విల్‌లో ఉండేది 8,000 మంది. కౌంటీ అంటే జిల్లా అని మనం చెప్పుకుంటాము గాని, ఆ ముఖ్యపట్టణం మన మండల కేంద్రాలలో చాలావాటికంటె చిన్నది. పడమట ఓహాయో నది, నది వెంబడి పాత ఫ్యాక్టరీల ఊళ్ళు, తూర్పున ఒకదాని వెనుక ఒకటిగా కొండలు. బొగ్గు ఇక్కడి పాత జీవనాధారం, రాతిపొరల్లోంచి తీసే షేల్ గ్యాస్ కొత్తది. గ్యాస్ బావులకు సరుకు మోసే పెద్ద లారీలు ఇరుకైన కొండదారుల్లో మలుపు తిరగగానే ఎదురుపడతాయి కనుక, ఆ దారుల్లో రాత్రిపూట కొత్తవారు కారు నడపకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మొదటి రాత్రి బస గురించి చెప్పదగిన మంచి ఏమీ లేదు. నది పక్కన రహదారిమీద ఉన్న ఒక మోటెల్‌లో, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వస్తున్నారని ముందే చెప్పి, కింది అంతస్తులో గది తీసుకున్నాము. తీరా వెళ్ళేసరికి కింద గదులన్నీ నిండిపోయాయన్నారు. లిఫ్టు లేదు. అమ్మ మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకెక్కింది. పొగ తాగకూడదని తలుపుమీద వ్రాసి ఉన్నా, పరదాలకు సిగరెట్టు వాసన పట్టేసి ఉంది. మార్చమని అడిగితే వేరే గది లేదన్నారు. అద్దెలో ఒక్క డాలరు కూడా తగ్గించలేదు. గ్యాస్ పనుల కోసం వచ్చినవారు వారాల తరబడి గదులు తీసుకొని ఉండడంవల్ల అక్కడ చివరి నిమిషంలో మంచి గది దొరకడం కష్టమని మర్నాడు అల్పాహారం దగ్గర తెలిసింది. ఆ చుట్టుపక్కల ఉండదలచినవారు పదిహేను మైళ్ళు పైకి వెళ్ళి వీలింగ్ నగరంలో గది చూసుకోవడం మేలు.

ఆ రాత్రి కలిగిన విసుగంతా పొద్దున్నే మట్టిదిన్నె దగ్గర పోయింది. మౌండ్స్‌విల్ అంటేనే దిన్నె ఊరు. ఊరి నడుమ, ఇళ్ళ మధ్య, 60 అడుగులకు పైగా ఎత్తున, శంకువు ఆకారంలో గడ్డి కప్పుకొని నిలబడి ఉంటుంది గ్రేవ్ క్రీక్ దిన్నె. క్రీస్తుపూర్వం 250, 150 సంవత్సరాల మధ్య అడీనా అనే ప్రాచీన అమెరికా ఆదివాసుల సంస్కృతికి చెందిన ప్రజలు తమ పెద్దల సమాధులపై దీన్ని కట్టారు. గుర్రం లేదు, చక్రం లేదు. దాదాపు 60,000 టన్నుల మట్టిని మనుషులే తట్టలతో మోసి పోశారని అంచనా. 1838లో స్థానికులు దీన్ని తవ్వి, లోపల దుంగలతో కట్టిన గదులను, అస్థిపంజరాలను, రాగి కడియాలను, పూసలను బయటికి తీశారు. ఆ తరువాత ఎన్నో చేతులు మారిన దిన్నెను 1909లో రాష్ట్రం కొని కాపాడింది.

చుట్టూ తిరుగుతూ పైకి వెళ్ళే దారిలో నాన్నగారు సగం దూరం ఎక్కి, కర్ర ఆనించుకొని నిలబడ్డారు. ఆయనది అమరావతి పక్క ఊరు. "ఇది మన దీపాలదిన్నెరా" అన్నారు. అమరావతి స్తూపం మట్టిలో కప్పబడిపోయి ఉన్న రోజుల్లో ఊరివాళ్ళు దాన్ని దీపాలదిన్నె అనే పిలిచేవారు. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అక్కడ ఊరు కట్టిస్తున్నప్పుడు రాళ్ళకోసం తవ్విస్తేనే ఆ శిల్పాలు బయటపడ్డాయి. ఒకటి బౌద్ధస్తూపం, ఇంకొకటి సమాధి. రెంటికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఇంచుమించు అదే కాలంలో, కృష్ణ ఒడ్డున ఒకరూ ఓహాయో ఒడ్డున ఇంకొకరూ నేలమీద నుంచి గుండ్రంగా పైకి ఏదో కట్టాలనుకోవడం, ఆ రెంటినీ చూసిన మనిషి పక్కన నేను నిలబడి ఉండడం, ఈ యాత్రలో నాకు అన్నిటికంటె విలువైన సంగతి. పక్కనే ఉన్న డెల్ఫ్ నొరోనా మ్యూజియం చిన్నదే అయినా శ్రద్ధగా అమర్చినది, ప్రవేశం ఉచితం. వారంలో కొన్ని రోజులు మూసి ఉంటుంది కనుక ముందే చూసుకొని వెళ్ళాలి.

దిన్నెకు ఎదురుగా రోడ్డు అవతల కోటబురుజులతో కనిపించేది పాత రాష్ట్ర కారాగారం. ఖైదీల చేతనే రాయి మోయించి కట్టించిన ఈ జైలు 1876 నుంచి 1995 వరకు నడిచింది. 1899, 1959 సంవత్సరాల మధ్య ఇక్కడ 94 మందికి మరణశిక్ష అమలు చేశారు. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉన్న కొట్టులో మనుషులను కుక్కి ఉంచడం క్రూరశిక్ష అవుతుందని 1986లో రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం తీర్పు ఇచ్చాకే దీని మూసివేతకు దారి పడింది. ఇప్పుడు టికెట్టు తీసుకుంటే మార్గదర్శకులు తిప్పి చూపిస్తారు. అమ్మను, పిల్లలను మ్యూజియంలో కూర్చోబెట్టి నాన్నగారూ నేనూ వెళ్ళాము. చెప్పేవారు బాగా చెప్పారు, తొందరపెట్టలేదు. నడక, మెట్లు, చలి ఎక్కువ. చిన్నపిల్లలను తీసుకువెళ్ళవద్దని గట్టిగా చెబుతాను. ఒక కొట్టులోకి వెళ్ళి నేను రెండు చేతులూ చాచబోతే, పూర్తిగా చాచకముందే వేళ్ళు రెండు గోడలకూ తగిలాయి.

మధ్యాహ్నం 250 నంబరు రహదారిమీద కొండ ఎక్కి, మెక్‌క్రియరీస్ రిడ్జ్ రోడ్డులోకి తిరిగాము. ఇక్కడినుంచి ఫోను సిగ్నలు నమ్ముకోవడానికి లేదు. దారి ముందే ఫోనులో దించుకొని పెట్టుకోవాలి. బడ్డీకొట్టు, పెట్రోలు బంకు కూడా కనిపించవు కనుక మందులు, పాలపొడి, పెట్రోలు మౌండ్స్‌విల్‌లోనే చూసుకోవాలి.

న్యూ వృందావనంలో దేవాలయం పక్కనే యాత్రికుల వసతి గదులు, చెరువు గట్టున చిన్న చెక్క ఇళ్ళు ఉన్నాయి. మాకు దొరికిన గది సాదాసీదాది: రెండు మంచాలు, ఉతికిన దుప్పట్లు, వేడినీళ్ళు. టీవీ లేదు, ఎవరికీ లోటుగా అనిపించలేదు. బయట నాలుగడుగులు వేస్తే గుడి. మోటెల్‌లో అవస్థపడ్డ అమ్మకు ఇక్కడ మెట్లు ఎక్కే పని లేకపోవడమే పెద్ద సౌకర్యం. గోవిందాస్ భోజనశాలలో ఉల్లి, వెల్లుల్లి లేని వంట. పప్పు, కూర, రోటీ, అన్నం వేడిగా, తృప్తిగా ఉన్నాయి. కారం మాత్రం మన నాలుకకు చాలదు. అమ్మ తెచ్చుకున్న కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ ఆ లోటు తీర్చాయి. ఒక ముఖ్యమైన మాట: అక్కడి నియమం ప్రకారం కాఫీ, టీ దొరకవు. పొద్దున్నే కాఫీ పడకపోతే తలనొప్పి వచ్చే పెద్దవాళ్ళుంటే, డికాషను చల్లటి పెట్టెలో పెట్టుకొని వెళ్ళి గదిలోనే కలిపి ఇవ్వాలి. మేము ఆ సంగతి తెలియక వెళ్ళాము, నాన్నగారు మధ్యాహ్నందాకా కణతలు నొక్కుకుంటూనే ఉన్నారు.

ఈ ఊరి చరిత్రను దాచిపెట్టి స్వర్ణమందిరం గురించి మాత్రమే చెప్పడం నాకు ఇష్టం లేదు. 1968లో ఇస్కాన్ స్థాపకులైన ప్రభుపాదుల శిష్యులు, కీర్తనానంద అనే ఆయన నాయకత్వంలో, కరెంటు కూడా లేని ఒక పాత వ్యవసాయక్షేత్రంలో దీన్ని మొదలుపెట్టారు. 1969 వేసవిలో ప్రభుపాదులు వచ్చి కొన్ని వారాలు ఆ క్షేత్రంలోని పాత ఇంటిలోనే ఉన్నారు. ఎనభైలలో ఇక్కడ హత్యలు, మోసాలు బయటపడ్డాయి. 1988లో ఇస్కాన్ సంస్థ ఈ ఊరిని వెలివేసింది, కీర్తనానంద తరువాత నేరం ఒప్పుకొని జైలుకు వెళ్ళాడు, 1998లో గాని ఊరు మళ్ళీ సంస్థలో చేరలేదు. ఇప్పుడు అక్కడ ఉన్నవారిలో ఆ చెడ్డరోజులన్నీ అనుభవించి, అయినా కొండ దిగకుండా ఉండిపోయినవారు ఉన్నారు. నాన్నగారు సందేహిస్తూనే ఒక ముసలి భక్తుడిని ఈ విషయం అడిగితే, ఆయన ముఖం తిప్పుకోలేదు. బెంచీమీద పక్కన చోటు చూపించి, చాలాసేపు నెమ్మదిగా చెప్పారు. ఆ ఊరిమీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

తెల్లవారుజామున మంగళహారతికి రాధా వృందావన చంద్రుల సన్నిధిలో ముప్పై మందికి మించి లేరు. పండుగ రోజుల రద్దీలో చూసినవారు ఆ నిశ్శబ్దాన్ని ఊహించలేరు. మృదంగం మెల్లగా మొదలైంది, తెర తొలగింది. అమ్మ నరసింహస్వామి ముందు సింహాచలంలో నిలబడినట్టే చేతులు జోడించి చాలాసేపు కదలలేదు. తరువాత గోశాల. ఇక్కడ ఆవు పాలివ్వడం మానినా దాన్ని అమ్మరు, కోతకు పంపరు, చనిపోయేవరకు మేపుతారు. ఒక గోధుమరంగు ముసలి ఆవు గంగడోలు కింద అమ్మ చేయి పెట్టి నిమురుతుంటే, అది మెడ ఇంకాస్త చాచి, కళ్ళు సగం మూసి, తడి ముక్కును ఆమె చీర కుచ్చెళ్ళకు ఆనించింది. తన చిన్నప్పుడు ఇంట్లో ఉన్న ఆవును పిలిచినట్టే అమ్మ దాన్ని "లచ్చీ" అని పిలిచింది. అక్కడినుంచి ఆమెను బయటికి తీసుకురావడానికి ముప్పావుగంట పట్టింది.

స్వర్ణమందిరాన్ని చివర చూశాము. ప్రభుపాదుల నివాసం కోసం మొదలుపెట్టిన ఈ భవనం పూర్తికాకముందే 1977లో ఆయన పరమపదించారు. 1979లో స్మారకమందిరంగా తెరిచారు. కట్టినవారిలో ఎక్కువమంది తాపీపని, వడ్రంగం ఎరగని యువకులే. పుస్తకాలు చదివి, చెడగొట్టి, మళ్ళీ చేసి నేర్చుకున్నారు. లోపల చలువరాతి నేల, రంగుటద్దాల నెమళ్ళు, బంగారు రేకు అద్దిన కప్పు, వ్రాతబల్ల ముందు కూర్చున్న ప్రభుపాదుల మూర్తి; చూపించే ఆమె ప్రతి గది దగ్గరా ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పారు. వెలుపల మాత్రం అక్కడి చలికాలం తన పని తాను చేసింది. పగుళ్ళలో దిగిన నీరు గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి సిమెంటును పెళ్ళలు పెళ్ళలుగా ఊడదీయడంవల్ల ఏళ్ళ తరబడి మరమ్మతులు చేస్తూనే ఉన్నారు. ప్రచారచిత్రాల్లోని మెరుపును ఆశించి వెళ్ళినవారికి కొన్ని మూలలు నిరాశ కలిగించవచ్చు. దగ్గరికి వెళ్ళి ఒక పాత స్తంభంమీద పూలతీగను, పక్కనే కొత్తగా పోతపోసిన తీగను పోల్చి చూస్తే, రెండో తరంవారి చేయి ఎంత కుదిరిందో తెలుస్తుంది.

మళ్ళీ వెళితే క్రమం మారుస్తాను. రెండు రాత్రులూ కొండమీదే ఉండి, దిన్నెను, జైలును తిరుగుప్రయాణంలో ఒక పూటలో చూస్తాము. పిట్స్‌బర్గ్ దర్శనాన్ని అదే రోజుకు ఇరికించము. గులాబీ తోట పూతలో ఉండే జూన్ నుంచి సెప్టెంబరు వరకు అనుకూలమైన కాలం. మంచు పడే నెలల్లో ఆ కొండదారి పెద్దవాళ్ళతో వద్దు. గదులు వారాంతాలకు త్వరగా నిండిపోతాయి, పండుగలకైతే మరీను, కనుక నెల ముందే తీసుకోవాలి. డికాషను మరచిపోకూడదు.