తాత వదిలి వెళ్లిన వించెస్టర్ 94: కాల్చేముందు చూడాల్సినవి

అమెరికాలో తాత పోయాక అల్మారా మూల నుంచి బయటపడే లీవర్ రైఫిల్ (ట్రిగ్గర్ కింది పిడిని ఆడించి తూటా ఎక్కించేది) చాలాసార్లు వించెస్టర్ మోడల్ 94 అయ్యుంటుంది. డిజైన్ జాన్ బ్రౌనింగ్‌ది, పుట్టిన ఏడు 1894. కనెక్టికట్‌లోని న్యూ హేవెన్ ఫ్యాక్టరీ 2006లో మూతపడేదాకా డెబ్బై లక్షలకు పైనే తయారయ్యాయి. కాబట్టి దొరికిందల్లా అపురూపమని మురిసిపోనక్కర్లేదు. మూడు కిలోల బరువు, 20 అంగుళాల గొట్టం, సన్నటి నడుము: అడవిలో మోసుకు తిరగడానికి ఇంత హాయైనది తక్కువ. వేట తుపాకీగా పదికి తొమ్మిది ఇస్తాం. ఎవరు ఎలా దాచారో తెలియని పాతదైతే మాత్రం లోపల చూడకుండా మార్కులు వేయలేం.

ముందు ఖాళీ చేయాలి. గొట్టం మూతిని మనుషుల్లేని వైపు పెట్టి, వేలు ట్రిగ్గర్ మీదికి పోనివ్వకుండా, తూటాలు బయటికి రావడం ఆగేదాకా లీవర్ ఆడించండి. అక్కడితో అయిపోలేదు. గొట్టం కింద ఉండే మ్యాగజైన్‌లో స్ప్రింగు తుప్పు పట్టి ఇరుక్కుంటే చివరి తూటా లోపలే ఉండిపోతుంది. లీవర్ తెరిచి పైనుంచి చూస్తే చాంబర్ (కాల్చే తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉండాలి, మ్యాగజైన్ నోట్లో తూటాని తోసే లోహపు బిళ్ల కనబడాలి. అది కనబడకపోతే తుపాకీ మేస్త్రీకి చూపించేదాకా నిండుగా ఉన్నట్టే లెక్క.

తర్వాత గొట్టం మీద రాసింది చదవండి. "30 డబ్ల్యూసీఎఫ్" అన్నా 30-30 అన్నా ఒకే తూటా. "32 స్పెషల్" వేరే తూటా. చూపుకి దగ్గరగా ఉందని ఒకదాని బదులు ఇంకొకటి పెట్టకూడదు. మొదటి ఏడాది వచ్చిన 32-40, 38-55 రకాలు పాతకాలపు నల్ల తుపాకీమందు కోసం చేసినవి. పొగరాని మందుతో 30-30 వచ్చింది 1895లో, దాని ఒత్తిడి కోసమే నికెల్ స్టీల్ గొట్టం వాడారు. ఇంకో సంగతి: మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరసగా కూర్చుంటాయి. మొన తేలిన గుండు వాడితే అది ముందున్న తూటా ప్రైమర్‌కి (దెబ్బ తగిలితే మందుని అంటించే అడుగు బిళ్లకి) ఆనుకుంటుంది, కుదుపుకి మ్యాగజైన్ లోపలే పేలొచ్చు. 150 లేదా 170 గ్రెయిన్ల బరువున్న బల్లపరుపు మొన గుండ్లే వాడాలి. మెత్తటి ప్లాస్టిక్ మొనతో లీవర్ రైఫిళ్ల కోసమే చేసినవీ ఉన్నాయి.

పాత 94కి విడిగా సేఫ్టీ ఉండదు. హామర్‌ని (ట్రిగ్గర్ నొక్కితే పడి తూటాని పేల్చే సుత్తిని) సగం లేపి నిలిపే గాడి ఒక్కటే. ఏళ్ల తరబడి వాడితే అది అరిగిపోతుంది. హామర్ మీద దెబ్బ తగిలేలా కింద పడితే దాన్ని నమ్ముకోలేం. చాంబర్‌లో తూటా పెట్టుకుని తిరగవద్దు.

లీవర్ మూశాక బోల్టు (చాంబర్‌ని వెనక నుంచి మూసే లోహపు దిమ్మ) వెనక లాకింగ్ దిమ్మ పూర్తిగా పైకి లేవాలి. కాల్చిన తూటా గుల్లకి అంచు పైన మెరిసే చార కనిపించినా, ప్రైమర్ బయటికి పొడుచుకొచ్చినా హెడ్‌స్పేస్ (మూసిన బోల్టుకీ తూటాకీ మధ్య ఉండే సందు) పెరిగిందేమో అనుమానించాలి. తేల్చాల్సింది గేజితో, కంటితో కాదు.

పాత ప్రైమర్ల లవణాలు తేమని పీల్చి గొట్టం లోపల గుంటలు పెడతాయి. ఉత్త నూనె ఆ లవణాల్ని కరిగించదు. ముందు వేడినీళ్ల గుడ్డ, ఆరాక సాల్వెంట్, ఆఖర్న పల్చగా నూనె. విడదీయకుండా వెనక నుంచి కడ్డీ దూర్చే వీలు లేదు. మూతి వైపు నుంచే తోయాలి కనక గైడు (కడ్డీని మధ్యలో నిలిపే తొడుగు) వాడకపోతే మూతి దగ్గర గుండుని తిప్పే గాళ్లు అరిగి గురి చెడుతుంది. పైన తుప్పుకి నాలుగు సున్నాల స్టీల్ ఊలు, నూనె, ఓపిక చాలు. కొత్తగా బ్లూయింగ్ (ఉక్కుకి నీలినలుపు పూత) చేయించడం, చెక్కకి సాన పట్టడం, స్కోపు కోసం రంధ్రాలు వేయించడం: ఈ మూడింటితో 1964కి ముందరి తుపాకీ విలువ సగానికి సగం పోయినా ఆశ్చర్యం లేదు. 1964లో ఖర్చు తగ్గించుకోవడానికి భాగాలు మార్చారు. ఆ తర్వాత కొన్నేళ్లు చేసిన రిసీవర్లు (లోపలి భాగాల్ని పట్టుకునే లోహపు చట్రాలు) మామూలు బ్లూయింగ్‌కి లొంగవు కూడా. వయసు తేల్చుకోవాలంటే వయోమింగ్‌లోని కోడీ ఫైర్‌ఆర్మ్స్ మ్యూజియం దగ్గర తొలి మూడున్నర లక్షల సీరియల్ నంబర్ల రికార్డులున్నాయి. ఫీజు కడితే ఉత్తరం ఇస్తారు.

ఆ వయసుతో చట్టానికీ పనుంది. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనది ఫెడరల్ చట్టం దృష్టిలో యాంటిక్. ఆ తర్వాతిది మామూలు తుపాకీయే. వీలునామా ద్వారా వేరే రాష్ట్రం నుంచి వస్తే డీలర్ మధ్యలో ఉండాలని ఫెడరల్ చట్టం అడగదు, రాష్ట్రం అడగొచ్చు. హెచ్-1బీ లాంటి వీసా మీదున్న మన అల్లుళ్లు గుర్తుంచుకోవాలి: చెల్లే వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా యాంటిక్ కాని తుపాకీ దగ్గరుంచుకోవడమే నేరం. ఇండియాలో సంగతి వేరు. లైసెన్సుదారు పోతే తుపాకీని పోలీస్ స్టేషన్లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో జమ చేసి, వారసుడి పేరిట లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవాలి. 2019 సవరణ తర్వాత వారసత్వంగా వచ్చినా మనిషికి రెండుకి మించకూడదు.

దాచేటప్పుడు తోలు తొడుగులో పెట్టకండి. తోలు చెమ్మని పట్టుకుని ఉక్కుని తింటుంది. మూతి కిందికి ఉండేలా నిలబెడితే మిగిలిన నూనె కారి, చెక్క నడుములోకి ఇంకి దాన్ని మెత్తబరచదు.