ప్రొస్టేట్ క్యాన్సర్‌కి హార్మోన్ ఆపాలంటే: ల్యూప్రొలైడా, డెగారెలిక్సా, ఆపరేషనా?

మా బాబాయ్‌కి ప్రొస్టేట్ క్యాన్సర్ వెన్నుపూసల దాకా పాకిందని తెలిసినరోజు డాక్టర్ గారు మూడు దార్లు చెప్పి ఇంట్లో మాట్లాడుకుని రండి అన్నారు, ఇంట్లో ఆరుగురం ఆరు రకాలుగా వాదించుకున్నాం. అప్పుడు నాకు బుర్రకెక్కింది రాస్తున్నా.

ఈ క్యాన్సర్‌కి మేత టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్. తయారయ్యేది ఎక్కువగా వృషణాల్లోనే గానీ ఆర్డర్ మాత్రం పైనుంచి వస్తుంది, మెదడులో జీఎన్ఆర్‌హెచ్ అనే సిగ్నల్ విడతలు విడతలుగా పిట్యూటరీ గ్రంథిని తడితే అది ఎల్‌హెచ్ అనే ఇంకో హార్మోన్ వదుల్తుంది, దాంతో కింద పని మొదలు.

ల్యూప్రొలైడ్ ఇంజెక్షన్ ఆ సిగ్నల్‌కి నకలే, కాకపోతే ఆగకుండా తడుతూనే ఉంటుంది. మొదట పిట్యూటరీ రెచ్చిపోయి టెస్టోస్టిరాన్ ఇంకా పెరుగుతుంది, తర్వాత పొద్దస్తమానం తలుపు బాదేవాడికి ఇంట్లోవాళ్ళు పలకడం మానేసినట్టు అదీ పలకడం మానేస్తుంది, 3, 4 వారాలకి లెవెల్ డెసీలీటర్‌కి 50 నానోగ్రాముల కిందకి పడిపోతుంది. ఆ మొదటి పొంగునే ఫ్లేర్ అంటారు, దానికి అడ్డంగా కొన్నాళ్ళు బైకాలుటమైడ్ మాత్రలిస్తారు. చాలామందికి ఇబ్బంది ఉండదు గానీ వెన్నుపాము పక్కనే గడ్డ ఉన్నవాళ్ళకి ఆ కొద్దిరోజులే భయం, అది నొక్కుకుంటే కాళ్ళు పడిపోవచ్చు.

డెగారెలిక్స్ కూడా ఇంజెక్షనే గానీ అలా తట్టదు, తాళంకప్పలో పుల్ల ఇరికించినట్టు సిగ్నల్ దూరే చోటే మూసేస్తుంది. ఫ్లేర్ లేదు, మూడోరోజుకే దాదాపు అందరికీ 50 కిందకి వచ్చేస్తుంది. మొదటి డోసు 240 మిల్లీగ్రాములు, పొట్ట చర్మం కింద రెండు సూదులు, ఆ తర్వాత నెలనెలా 80. బాబాయ్‌కి సూది వేసిన రెండుచోట్లా నిమ్మకాయంత గట్టిపడి కందిపోతే రెండ్రోజులు లుంగీ కిందకి జార్చి కట్టుకున్నాడు. ల్యూప్రొలైడ్ అయితే 3 నెలలకోసారి, 6 నెలల డోసు కూడా ఉంది.

ఇక ఆపరేషన్, అంటే వృషణాలు తీసెయ్యడం. 1941లో చార్లెస్ హగ్గిన్స్ చూపించిన దారి, 1966లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. గంటల్లోనే హార్మోన్ పడిపోతుంది, ఖర్చు ఒక్కసారే. నన్నడిగితే ఎముకలకి పాకి జీవితాంతం హార్మోన్ ఆపాల్సినవాళ్ళకి, అందులోనూ సూది కోసం ఊరినుంచి సిటీకి పదేపదే రాలేనివాళ్ళకి ఇదే మేలు, డోసు తప్పిపోతుందన్న బెంగే లేదు. రేడియేషన్‌తో పాటు కొంతకాలం ఇచ్చి ఆపేసే కేసైతే మాత్రం ఇంజెక్షనే, ఎందుకంటే కోశాక వెనక్కి రాదు.

పిన్ని ఆపరేషనే అంది, బాబాయ్ కత్తి మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. చివరికి వెన్ను సంగతి చూసి డెగారెలిక్స్‌తో మొదలుపెట్టి, లెవెల్ పడ్డాక ల్యూప్రొలైడ్‌కి మార్చారు.

ఆపరేషన్ తప్పించుకుంటే సైడ్ ఎఫెక్ట్సూ తప్పుతాయనుకుంటారు, అదేం లేదు, ఏ దారిలో వెళ్ళినా పోయేది టెస్టోస్టిరానే కాబట్టి ఒంట్లో ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం, కండ తగ్గడం, షుగర్ పెరగడం మూడిట్లోనూ ఉంటాయి. ధనుర్మాసం చలిలో తెల్లవారుజామున ఫ్యాన్ ఫుల్లుగా పెట్టుకుని తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్న బాబాయ్‌ని చూసి పిన్ని రెండో దుప్పటి కూడా లాక్కుంటూ, "కోయించుకోకుండా తప్పించుకున్నానన్నారుగా" అంది.